శివారు వెంచర్లలో సొంతిల్లు.. కొనే ముందు ఆరా తీయవలసినవెన్నో

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: పట్టణం దాటగానే రంగు జెండాలు, స్వాగత తోరణం, సున్నం పూసిన హద్దురాళ్లు, రహదారికి ఆనుకొని ఒక నమూనా ఇల్లు. జిల్లాలోని ఈ మూడు పట్టణాల శివార్లలో ఇటువంటి దృశ్యం కొత్తది కాదు. బట్టల దుకాణంలో గుమాస్తా, బంగారు నగల పనివాడు, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, సిమెంటు కర్మాగారంలోనో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలోనో ఉద్యోగి, కువైట్‌లో పదేళ్లు కష్టపడి తిరిగి వచ్చిన డ్రైవరు.. ఇక్కడి కొనుగోలుదారులలో ఎక్కువమంది ఇటువంటివారే. జీవితంలో ఒక్కసారి మాత్రమే కొనగలిగినవారు. అందువలన ఆ ఒక్క కొనుగోలులో జరిగే పొరపాటును దిద్దుకొనే స్తోమత వారికి ఉండదు.

శివార్లలో అమ్మకానికి వచ్చేవి ప్రధానంగా మూడు రకాలు. ఖాళీ ప్లాటు ఒకటి. ప్లాటుతో పాటు బిల్డరే కట్టి ఇచ్చే ఇల్లు రెండవది. అపార్టుమెంటులో ఫ్లాటు మూడవది. 2011 జనాభా లెక్కల ప్రకారం లక్షా అరవై వేలకు పైగా జనాభా గల ప్రొద్దుటూరులో మూడు రకాలూ ఉన్నాయి. 65 వేల జనాభా గల పులివెందులలోను, 46 వేల జనాభా గల జమ్మలమడుగులోను మొదటి రెండింటికే గిరాకీ ఎక్కువ. ఒక్కో రకానికి ఒక్కో చిక్కు ఉంది. అయితే మూడింటికీ సమానమైన ప్రశ్న ఒకటుంది: అడుగుతున్న ధర నేడు అక్కడ ఉన్న సౌకర్యానికా, రేపు వస్తుందని చెబుతున్న సౌకర్యానికా?

ఉక్కు మాట.. భూమి ధర

ఈ ప్రశ్నకు జమ్మలమడుగును మించిన ఉదాహరణ లేదు. 2007 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు సమీపంలో బ్రహ్మణి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. పది వేల ఎకరాలకు పైగా భూమిని కేటాయించారు. కర్మాగారం పూర్తి కాలేదు. 2013లో ప్రభుత్వం భూకేటాయింపును రద్దు చేసింది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించాలన్న ప్రస్తావన వచ్చింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె వద్ద అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు రెండవ శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లె వద్ద వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి మూడవ శంకుస్థాపన చేశారు. అదే సున్నపురాళ్లపల్లెలో 2023 ఫిబ్రవరిలో జె.ఎస్.డబ్ల్యు. సంస్థ భాగస్వామ్యంతో నాలుగవది జరిగింది. మొదటి దానికి, నాలుగవ దానికి మధ్య దాదాపు 16 ఏళ్లు గడిచాయి.

ప్రతి శంకుస్థాపన తరువాతా వెంచరు కరపత్రాలలో "ఉక్కు కర్మాగారానికి సమీపంలో" అన్న వాక్యం చోటు చేసుకోవడం సహజం. 2007లో ఇరవై ఏళ్ల వాయిదాలపై అప్పు తెచ్చి, కర్మాగారం ఉద్యోగులకు అద్దెకు ఇవ్వవచ్చునన్న లెక్కతో ఇల్లు కొన్న కుటుంబం ఉంటే, ఆ అప్పు తీరే వేళకు కూడా ఆ లెక్క కాగితం మీదనే ఉండిపోయినట్లు. కర్మాగారం ఎన్నటికీ రాదని అనడం ఇక్కడ ఉద్దేశం కాదు. వచ్చేది ఎప్పుడో తెలియని దానికి ఈ రోజే పూర్తి ధర చెల్లించడం తెలివైన బేరం కాదన్నదే విషయం.

గండికోట సంగతి కొంత భిన్నం. పెన్నా లోయ, కోట, జలాశయం అక్కడ ఇప్పటికే ఉన్నవి. పర్యాటకులు వస్తూనే ఉన్నారు. 2023 జూలైలో అక్కడ ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన కూడా జరిగింది. అయినా వారాంతంలో వచ్చి పోయే పర్యాటకులకు, పన్నెండు నెలలూ నివసించే కుటుంబానికి కావలసినవి ఒకటి కావు. గండికోట దారిలో ప్లాటు కొనేవారు బడి, ఆసుపత్రి, బస్సు ఎంత దూరమో చూసుకొన్న తరువాతనే లోయ అందం గురించి ఆలోచించడం మేలు.

పులివెందులలో ఇదే కథ మరో రూపంలో కనబడుతుంది. 2006లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. పులివెందుల ప్రాంత అభివృద్ధి సంస్థ ఏర్పడింది. రింగురోడ్డు, పశు పరిశోధన కేంద్రం, వైద్య కళాశాల భవనాలు వచ్చాయి. వచ్చినవాటి వల్ల పట్టణం పెరిగిన మాట నిజం. కాని ప్రకటన ఒకటి, ప్రారంభం మరొకటి. 2024-25 విద్యా సంవత్సరానికి పులివెందుల ప్రభుత్వ వైద్య కళాశాలకు 50 ఎంబీబీఎస్ సీట్లకు జాతీయ వైద్య కమిషన్ అనుమతించినా, రాష్ట్ర ప్రభుత్వం వద్దని లేఖ రాయడంతో ఆ ఏడాది తరగతులు మొదలు కాలేదు. విద్యార్థులు, వైద్యులు వస్తారని, గదులకు అద్దెలు పెరుగుతాయని పక్కన ఇళ్లు కట్టినవారికి అది ఊహించని దెబ్బే. ప్రభుత్వాలు మారినప్పుడు పనుల వేగం మారడం ఈ ప్రాంతానికి అనుభవమే కనుక, కొనుగోలుదారు ఆ సంభావ్యతను ధరలోనే తగ్గించి చూసుకోవాలి.

ప్రొద్దుటూరు ఇటువంటి ఆశలపై అంతగా ఆధారపడిన ఊరు కాదు. రెండో బొంబాయి అన్న పేరు బంగారం, వస్త్ర వ్యాపారాల వల్ల వచ్చింది. వ్యాపారుల డబ్బు భూమిలోకి మళ్లడం వలన ఇక్కడ ధరలు ఎక్కువ. అయితే అమ్ముకోవలసి వస్తే కొనేవారు దొరకడమూ సులభమే. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం ప్రారంభమై ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు రైలు వచ్చింది. 67వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు పట్టణాల మీదుగా పోతుంది. ఇవి కంటికి కనబడే సౌకర్యాలు. వీటికి ధర చెల్లించడంలో తప్పు లేదు.

అనుమతి ఎవరిచ్చారు

కొత్తపల్లె, గోపవరం వంటి పంచాయతీలు ప్రొద్దుటూరు పట్టణానికి ఆనుకొనే ఉన్నాయి. ఇల్లు పట్టణంలో ఉన్నట్లే అనిపిస్తుంది, రికార్డులో మాత్రం గ్రామ పంచాయతీ. ఇటువంటి చోట్ల "పంచాయతీ అప్రూవల్ ఉంది" అన్న మాట తరచుగా వినబడుతుంది. పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ లేదా పట్టణాభివృద్ధి సంస్థ సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ సొంతంగా ఇచ్చే లేఅవుట్ అనుమతికి విలువ లేదు. జిల్లాలో ఈ బాధ్యత గల సంస్థ కడప కేంద్రంగా పని చేసే అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. ఏ గ్రామం ఏ సంస్థ పరిధిలోకి వస్తుందో వెంచరు కార్యాలయంలో కాక, ఆ సంస్థ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి.

అనుమతి పొందిన లేఅవుట్‌లో మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలి, దానిని స్థానిక సంస్థకు అప్పగించాలి. రహదారులు, మురుగు కాలువలు, నీటి గొట్టాలు, విద్యుత్ స్తంభాలు యజమానే వేయాలి. ఆ పనులు పూర్తి చేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లను అనుమతించిన సంస్థ పేర తనఖా పెట్టాలి. పనులు పూర్తయ్యే వరకు ఆ ప్లాట్లను అమ్మరాదు. కొనబోయే ప్లాటు తనఖాలో ఉన్నవాటిలో ఒకటి కాదని ఆమోదిత ప్లానులో చూసుకోవడం ఐదు నిమిషాల పని. అయినా చాలామంది చూడరు. పార్కుగా చూపిన స్థలంలో తరువాత ప్లాటు నంబర్లు పుట్టుకు రావడం కూడా అసలు ప్లాను చేతిలో ఉంటేనే బయటపడుతుంది.

వ్యవసాయ భూమిని నివాస అవసరానికి మార్చడానికి 2006 నుంచి అమలులో ఉండిన నాలా చట్టాన్ని 2025లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసి, దాని స్థానంలో అభివృద్ధి రుసుము పద్ధతిని తెచ్చింది. పాత వెంచర్లకు మాత్రం నాటి భూమార్పిడి ఉత్తర్వు ఉన్నదా లేదా చూడవలసిందే. ఒక భాగానికి మార్పిడి చేయించి, మొత్తం భూమికి అదే కాగితం చూపడం పాత ఎత్తు. ఉత్తర్వులోని సర్వే నంబరు, విస్తీర్ణం రెండూ ప్లానుతో సరిపోవాలి.

"తరువాత ఎల్‌ఆర్‌ఎస్‌లో క్రమబద్ధం అవుతుంది" అన్న హామీ మరొకటి. క్రమబద్ధీకరణ పథకాలు 2007లోను, 2020లోను వచ్చాయి; 2025లో మళ్లీ గడువు కల్పించారు. ప్రతిసారీ ఒక తేదీ పెట్టి, దానికి ముందు అమ్మిన ప్లాట్లకే అవకాశం ఇచ్చారు. 2020 నియమాలలో ఆ తేదీ 2019 ఆగస్టు 31. అంటే ఈ రోజు అనుమతి లేని ప్లాటు కొనేవారు, ఇంకా రాని పథకంలో తమకు అనుకూలమైన తేదీ ఉంటుందని పందెం కాస్తున్నట్లు. దానికి తోడు ఖర్చు. ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలని 2020 నియమాలు నిర్దేశించాయి. చవకగా వచ్చిందనుకున్న ప్లాటు ఆ తరువాత చవక కాకుండా పోతుంది. పైగా అనుమతి లేని చోట ఇంటి ప్లాను రాదు. బ్యాంకు రుణమూ రాదు.

రెరా ఏం చెబుతున్నది

2016 స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన భూమిలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని చేపట్టే ప్రతి పథకం రెరాలో నమోదు కావాలి. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు, పన్నెండు సెంట్లకు కొంచెం పైన. శివారు వెంచర్లలో దాదాపు అన్నీ దీని కిందికి వస్తాయి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడానికి, బయానా తీసుకోవడానికి వీలు లేదు. కరపత్రంలో రెరా నంబరు లేకపోతే అక్కడితో ఆగవచ్చు. నంబరు ఉంటే రెరా వెబ్‌సైటులో ఆ నంబరు వేసి, పథకం పేరు, గ్రామం, సర్వే నంబర్లు, పూర్తి చేస్తామన్న తేదీ సరిచూసుకోవాలి. వేరే ఊరి వెంచరు నంబరును ఈ ఊరి కరపత్రంలో వేసినా పది నిమిషాలలో తెలిసిపోతుంది.

ఈ చట్టంలో సామాన్య కొనుగోలుదారుకు అక్కరకు వచ్చే అంశాలు కొన్నే. విక్రయ ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ పథకం భూమికి, నిర్మాణానికే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే, కొనుగోలుదారు వైదొలగి వడ్డీతో సహా సొమ్ము తిరిగి కోరవచ్చు. కొనసాగదలచుకొంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కోరవచ్చు. అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. చదరపు అడుగుల లెక్క కూడా గోడల లోపలి వాడుక విస్తీర్ణం ప్రకారమే చెప్పాలి.

చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం ఇంటికి నడచి రాదు. ఫిర్యాదు చేయాలి, విచారణలకు తిరగాలి, ఉత్తర్వు వచ్చాక వసూలు చేసుకోవాలి. నోటిమాట మీద, తెల్లకాగితం మీద లక్షలు ఇచ్చినవారికి అక్కడ చూపడానికి ఏమీ ఉండదు. మన ప్రాంతంలో పెద్దమనుషుల సమక్షంలో మాట ఇచ్చిపుచ్చుకోవడం గౌరవంగా భావిస్తారు. గౌరవాన్ని కాదనకుండానే, ఇచ్చిన ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా ఇవ్వవచ్చు.

భూమి మూలం

దస్తావేజు లేఖరి చూపే ఈసీ ఒక్కటే చాలదు. ఆ పత్రంలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. రిజిస్టరు కాని పంపకాలు, వారసత్వ తగాదాలు, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాలు అందులో ఉండకపోవచ్చు. కనీసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, 1-బి, అడంగల్, క్షేత్ర పటం చూడాలి. అన్నదమ్ములలో ఒకరు అమ్మి, మిగిలినవారు సంతకం పెట్టని భూములలో వేసిన వెంచర్లు కోర్టులకెక్కడం ఎక్కడైనా ఉన్నదే. ఆడపిల్లల వాటా సంగతి ప్రత్యేకంగా అడగాలి. 2005లో సవరించిన హిందూ వారసత్వ చట్టం తరువాత అది పక్కన పెట్టగలిగిన విషయం కాదు.

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితా ఉంది. ప్రభుత్వ, డీకేటీ, దేవాదాయ, వక్ఫ్, సీలింగు మిగులు భూములు ఇందులో ఉంటాయి. డీకేటీ పట్టాలను అమ్మడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాదారులకు హక్కులు కల్పిస్తూ 2023లో సవరణ చేసినా, అలా విముక్తి పొందిన భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం నిలిపివేసి పరిశీలనకు ఆదేశించింది. అటువంటి భూమిలో ఇల్లు కొనడమంటే తగాదాను ధర పెట్టి కొనడమే. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదీ లేనిదీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు.

విదేశాలలో ఉన్నవారి విషయంలో జీపీఏ ఒక చిక్కు. కేవలం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, విక్రయ ఒప్పందాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. గల్ఫ్‌లో ఉన్న కొనుగోలుదారు ఊళ్లోని బంధువుకు అధికారం ఇవ్వదలిస్తే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు దానిపై స్టాంపు సుంకం చెల్లించాలి. ఆ పత్రంలో కొనే అధికారం మాత్రమే ఉండాలి. అమ్మే అధికారం, అప్పు తెచ్చే అధికారం కలిపి రాయించుకొన్న బంధువుల కథలు వేరుగా చెప్పనక్కర లేదు.

నల్లరేగడి మీద గోడలు

కాగితాలన్నీ సరిగా ఉన్న చోట కూడా ఇల్లు నేల మీదనే నిలవాలి. ప్రొద్దుటూరు, రాజుపాళెం, జమ్మలమడుగు ప్రాంతాలలో చాలా భాగం నల్లరేగడి. పత్తికి, శనగకు మంచి నేల; ఇంటికి మొండి నేల. వానలో నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండలో కుంచించుకొని అరచేయి దూరేంత బీటలు వారుతుంది. దానితో పాటు తేలికపాటి ఇల్లు లేచి దిగుతుంది. మొదటి వేసవికి గుమ్మాల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. రంగు వేసిన కొత్తలో నమూనా ఇల్లు చూసి ఇది కనిపెట్టడం అసాధ్యం. అందుకని అదే వెంచరులో రెండు మూడేళ్ల క్రితం కట్టిన ఇంటిని వెతికి, ఆ ఇంటివారిని అడిగి గోడలు చూడాలి. మే నెలలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చూడగలిగితే మరీ మంచిది.

పరిష్కారం లేకపోలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలోనే ఇటువంటి నేలల కోసం అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది. తేమ మార్పు పెద్దగా ఉండని లోతుకు, అంటే సుమారు మూడున్నర మీటర్లకు పైలు దింపి, పైన బీము వేసి, బీముకు మట్టికి మధ్య ఖాళీ ఉంచుతారు. లేదా రేగడిని తగినంత లోతు తవ్వి తీసేసి గరుసు నింపి గట్టిపరుస్తారు. ఇంటి చుట్టూ నీరు ఇంకకుండా బండపరుపు వేయడం ఇంకా తేలికైన జాగ్రత్త. కడప బండలు పుట్టే ప్రాంతంలో అది ఖర్చు కాదు. పాత మిద్దెలకు లోతైన రాతి పునాదులు, మందపాటి గోడలు ఉండేవి. నేటి నాలుగున్నర అంగుళాల గోడకు ఆ ఓర్పు లేదు. బిల్డరు నేల పరీక్ష చేయించాడా, పునాది ఎంత లోతు, ఏ పద్ధతి అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగాలి. జవాబు దాటవేస్తే అదే జవాబు.

పులివెందుల వైపు నేల ఎక్కువగా ఎర్రది, రాతిది. పునాదికి భయం తక్కువ. అక్కడ సమస్య నీరు.

నీరు ఎక్కడి నుంచి

జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వానా ప్రతి ఏడూ రాదు. చీనీ, అరటి తోటలున్న పులివెందుల ప్రాంతంలో బోర్లు ఎంతో లోతుకు పోయాయి. పట్టణానికి తాగునీరు పార్నపల్లె వద్ద ఉన్న చిత్రావతి జలాశయం నుంచి వస్తుంది. మున్సిపాలిటీ గొట్టం శివారు వెంచరు దాకా వచ్చిందా, వస్తుందని చెబుతున్నారా అన్నదే తేడా. ప్రొద్దుటూరు తాగునీటికి పెన్నాయే ఆధారం. వేసవిలో మైలవరం జలాశయం నుంచి నదిలోకి నీరు వదలాలని పురపాలకులు కోరవలసి వచ్చిన ఏళ్లు అనేకం. పట్టణం నడిబొడ్డునే వేసవి కొరత ఉంటే, గొట్టం చివరన ఉన్న కాలనీ సంగతి చెప్పనక్కర లేదు.

వెంచరులో ఒక బోరు, ఒక ట్యాంకు ఉంటే నీటి సమస్య లేదని అమ్మేవారు చెబుతారు. నలభై ఇళ్లున్నప్పుడు సరిపోయిన బోరు రెండు వందల ఇళ్లకు సరిపోదు. అందరూ తలా ఒక బోరు వేస్తే ఏ బోరూ నిలవదు. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరమన్నది చాలామందికి గుర్తుండదు. నీటి నాణ్యత పరీక్ష తప్పనిసరి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే ఆ నీరు తాగడానికి పనికి రాదు. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం పరిసర గ్రామాల రైతులు వ్యర్థాల చెరువు వల్ల భూగర్భ జలాలు పాడవుతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ వైపు స్థలం కొనేవారు యురేనియం పరీక్షను కూడా అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. ప్రయోగశాల రుసుము ప్లాటు ధరతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

నీరు లేకపోవడం ఒక బాధ, వద్దన్న చోటికి రావడం మరో బాధ. 2021 నవంబరు వరదలలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు గ్రామాలు కొట్టుకుపోవడం జిల్లా మరచిపోలేదు. పదేళ్లు ఎండిన వంక ఒక్క రాత్రిలో పారుతుంది. ఎండిన వంకలను పూడ్చి ప్లాట్లు వేసిన చోట ఆ నీరు ఇళ్లలోకి వస్తుంది. భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు నిండు నీటిమట్టానికి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, వాగుకు, కాలువకు 9 మీటర్ల లోపు నిర్మాణం కూడదు. రెవెన్యూ గ్రామ పటంలో వంకలు నీలిగీతలుగా కనబడతాయి. పక్క పొలం రైతును "పెద్దవాన వస్తే నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగితే పటం కన్నా ముందే తెలుస్తుంది.

నెలవారీ లెక్క

ధర మాట్లాడేటప్పుడు సెంట్లు, గజాలు కలగాపులగంగా వాడతారు. సెంటుకు 48.4 గజాలు. మూడు సెంట్లంటే 145 గజాలు, ఐదు సెంట్లంటే 242 గజాలు. మూడు సెంట్లని చెప్పి 140 గజాలు రిజిస్టరు చేస్తే, గజం 10 వేల రూపాయల చోట యాభై వేలు పోయినట్లే.

ఉదాహరణకు 35 లక్షల రూపాయల ఇల్లు తీసుకొందాం. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం.. మొత్తం ఏడున్నర శాతం, అంటే 2,62,500 రూపాయలు. దీనిని బ్యాంకులు సాధారణంగా రుణంలో కలపవు. నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు వాడుక విస్తీర్ణం ఉంటే 1 శాతం. పూర్తయి, నివాస యోగ్యతా పత్రం వచ్చిన తరువాత కొంటే జీఎస్టీ లేదు. ఖాళీ ప్లాటుకూ లేదు.

కొనుగోలుదారు పది లక్షలు సమకూర్చుకొని 25 లక్షలు అప్పు చేస్తే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల వాయిదా నెలకు దాదాపు 21,700 రూపాయలు. ఇరవై ఏళ్లలో కట్టేది 52 లక్షలు; అందులో వడ్డీయే 27 లక్షలు. అటువంటి ఇల్లే అద్దెకు తొమ్మిది వేలకు దొరికే ఊళ్లో, సొంతం అన్న పేరుకు నెలకు 12,700 అదనంగా కడుతున్నట్లు. అది తప్పని కాదు. పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం, వ్యాపారంలో మందగొడి నెలలు తట్టుకొని ఆ అదనపు మొత్తం నిలకడగా కట్టగలరా అన్నదే చూసుకోవలసినది. 2024 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయం గలవారికి, 35 లక్షల లోపు విలువ గల ఇంటికి, 25 లక్షల లోపు రుణానికి గరిష్ఠంగా 1.80 లక్షల వడ్డీ రాయితీ ఉంది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. రాయితీ వస్తుందని బిల్డరు చెబితే కాదు, బ్యాంకు చెబితేనే లెక్కలో వేసుకోవాలి.

బ్యాంకు రుణం ఇచ్చిందంటే భూమి శుభ్రమేనని చాలామంది భావిస్తారు. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు సొమ్ము భద్రత కోసం. కొనేవారు తమ కోసం వేరొక న్యాయవాదిని పెట్టుకొంటే అయ్యే ఖర్చు, ఒక నెల వాయిదాకు మించదు.

ప్రభుత్వమే వేసిన లేఅవుట్లు కొంత నిశ్చింత ఇస్తాయన్నది మరో భావన. హక్కు పత్రం విషయంలో అది నిజం. కాలవ్యవధి విషయంలో మాత్రం అనుభవం వేరు. మధ్యతరగతి కోసం 2007లో ప్రారంభమైన రాజీవ్ స్వగృహ పథకంలో అనేక చోట్ల ఇళ్లు అసంపూర్తిగా మిగిలాయి. తెలంగాణలోని బండ్లగూడ, పోచారం భవనాలను పదిహేనేళ్ల తరువాత, 2022లో లాటరీలు తీసి అమ్మవలసి వచ్చింది. 2022 జనవరిలో ప్రారంభించిన జగనన్న స్మార్ట్ టౌన్‌షిప్పుల తొలి జాబితాలో అప్పటి కడప జిల్లాకు చెందిన రాయచోటి ఉంది. 150, 200, 240 గజాల ప్లాట్లు, దరఖాస్తుతో 10 శాతం, మిగిలినది ఏడాదిలో వాయిదాలుగా అన్నది నాటి పద్ధతి. ఎవరు వేసిన లేఅవుట్ అయినా రోడ్డు, నీరు, కరెంటు వచ్చిన తరువాతి ధరకు, రాకముందు ధరకు మధ్య తేడా ఎంతో లెక్క వేసుకొని దిగాలి.

నెలకు కొంత చొప్పున కట్టించుకొని లక్కీడ్రా తీసే ప్లాట్ల పథకాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. డ్రాలో పేరు వచ్చినవారికి మిగతా వాయిదాలు మాఫీ చేసే పద్ధతి 1978 నాటి ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం పరిధిలోకి వస్తుంది. దూరంగా ఉండడమే.

రిజిస్ట్రేషన్ అయిన తరువాత

దస్తావేజు చేతికి రాగానే పని అయిపోలేదు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ రికార్డులో పేరు మార్పు, పన్ను మదింపు, విద్యుత్ మీటరు బదిలీ వెంటనే చేయించుకోవాలి. 2021 నుంచి పట్టణాలలో ఆస్తిపన్ను మూలధన విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు కనుక, మదింపులో కొలతలు సరిగా పడ్డాయో లేదో చూసుకోవాలి. ప్లాటు మాత్రమే కొన్నవారు నాలుగు మూలలా రాళ్లు పాతించి, ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి చూసి రావాలి. గల్ఫ్‌లో ఉన్నవారి తరఫున ఆ పని ఎవరు చేస్తారో కొనే ముందే తేల్చుకోవాలి. ఆరు నెలలకొకసారి ఈసీ తీసి చూస్తే, తమ ప్లాటు పైన తమకు తెలియకుండా మరో దస్తావేజు పుట్టిందేమో తెలుస్తుంది. మీసేవలో గాని, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గాని అది దొరుకుతుంది.